పొగ కోసం కూర్చున్న పాము

పాము తెరేసమ్మ భుజం మీద పడింది. పడి, తనే బెదిరి, ఆమె మణికట్టు మీద పళ్లతో ఒక గీటు గీరి, తమలపాకు తీగ పాకిన అవిసె చెట్టెక్కింది. అవిసె మీంచి గట్టు మీది తాడిచెట్టుకు దూకి, మట్ట మీద ఒళ్లు చాపుకుని ఎండకు పడుకుంది. దాని పని అంతటితో అయిపోయింది. మనుషుల పనే అక్కణ్నుంచి మొదలైంది.

"ఏం లేదులేవే, చెట్టుపాము," అంది తెరేసమ్మ, చెయ్యి చీరకు తుడుచుకుంటూ. చీమ కుట్టినంత ఎరుపు, అంతే. బొటనవేలికి తొడుక్కున్న ఇనుప గోరు సర్దుకుని మళ్లీ తీగ మీద చెయ్యి వెయ్యబోయింది.

"ఆగు! ఆకు ముట్టుకోమాక!"

అరిచినవాడు రత్తయ్య, తోట మేస్త్రి. తోట యజమాని రామకోటేశ్వరరావుగారు విజయవాడ భవానీపురంలో ఉంటారు. గవర్నర్‌పేటలో ఆయనకు తమలపాకుల హోల్‌సేల్ కొట్టు. గుల్లలంకకు ఆయన పండక్కో పబ్బానికో వస్తారు. మిగతా రోజుల్లో ఈ లంకలో అయ్యగారంటే రత్తయ్యే.

పక్క సాలులో కోస్తున్న కనకలక్ష్మి నిచ్చెన దిగి పరిగెత్తుకొచ్చింది. "ఏది వదినా, చూడనీ," అని తెరేసమ్మ చెయ్యి పట్టుకోబోయింది.

"ముట్టుకోమాకంటుంటే!" రత్తయ్య ఇద్దరి మధ్యా కర్ర అడ్డం పెట్టాడు. "శవాన్ని ముట్టుకున్న చెయ్యి ఆకు మీద పడగూడదు. ముట్టుకున్నావా, నువ్వు కూడా ఇంటికే."

"శవవా?" అంది తెరేసమ్మ. "ఎవరండీ శవం?"

"ఎక్కడెక్కిందో చూడలా?" రత్తయ్య తాడిచెట్టు వైపు గడ్డం ఎత్తాడు. "నీ కోసవే ఎక్కింది. పొగ కోసం కూకుంది. ఇక నువ్వు పోయినదాని కిందే లెక్క."

"ఎవరి లెక్క?"

"పాము లెక్క."

"పామేవన్నా నాకు కూలి ఇస్తదా రత్తయ్యగారూ, దాని లెక్కలో నేనుండటానికి?"

ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. అంతలో పైన పాము తల ఎత్తింది. నవ్వు ఆగిపోయింది. "పొగ లేచేదాకా కోత ఆపండి," అన్నాడు రత్తయ్య. ఒక్కొక్కరే బుట్టలు కింద పెట్టేశారు.

చెట్టుపాముకు విషం లేదు. సన్నగా, కంచు రంగు వీపుతో, కప్పల్నీ బల్లుల్నీ తిని బతికే జీవి. మనిషికి దాని వల్ల ముల్లు గుచ్చుకున్నంత బాధ కూడా లేదు. ఆ సంగతి గుల్లలంకలో పుట్టిన పసిపిల్లకు కూడా తెలుసు. తెలిసి కూడా ఒక మాట పట్టుకు వేళ్లాడుతున్నారు. అది మనిషిని కరిచి, ఎత్తయిన చెట్టెక్కి, ఆ మనిషి చితి పొగ కనపడేదాకా అక్కడే కూర్చుంటుందట. పొగ చూసిందా, దిగి తన దారిన పోతుందట. చూడలేదా, దిగొచ్చి మళ్లీ వెతుక్కుంటుందట. ఆ మనిషి దొరక్కపోతే పక్క మనిషి. అందుకని బతికున్న మనిషికే ఉత్తుత్తి పాడె కట్టి, ఆ మనిషి కట్టి విడిచిన గుడ్డ ఒకటి గడ్డి మీద పరిచి, కాల్చి, పాముకు పొగ చూపించాలట.

కరిచినా చంపని పాముకు ఇంత మర్యాద. కరిస్తే చంపే పాముకు ఏం చేశారో కూడా చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే ఈ కథ ఎందుకు?

తెరేసమ్మ మొగుడు సంజీవరావును కరిచింది రక్తపింజర. పోయిన వానాకాలం, ఇదే తోటలో, వరద మన్ను ఇంకా ఆరని సాలులో. అతని కాళ్లకు చెప్పుల్లేవు. ఆకుతోటలోకి చెప్పులతో పోకూడదు. ఆకు లక్ష్మి. చెప్పు పడితే లక్ష్మి వెళ్లిపోతుంది, తీగ ఎండిపోతుంది. ఇది తోట పుట్టిన నాటి కట్టుబాటు. ఎండైనా వానైనా, పుట్టలున్నా పురుగులున్నా, కూలివాళ్లు వట్టికాళ్లతోనే దిగాలి. అలాగే దిగాడు. పిక్క కింద కాటు పడింది.

ఆ రోజు కృష్ణకు నీళ్లొచ్చి లంక రోడ్డు మునిగింది. పడవ ఒక్కటే దారి. పడవ రేవులోనే ఉంది. కాకపోతే దాని నిండా ఆకు బుట్టలున్నాయి, లారీకి అందాల్సినవి. బుట్టలు దించాలంటే అయ్యగారి మాట కావాలి. రత్తయ్య ఫోన్ చేశాడు. అయ్యగారు ఇంకో ఫోన్‌లో ఉన్నారు. మళ్లీ చేశాడు. మళ్లీ చేశాడు. ఆయన ఎత్తి, "అయ్యో, దించండయ్యా, మనిషి ప్రాణం కదా," అనేసరికి సంజీవరావు చిగుళ్ల నుంచి నెత్తురు కారుతోంది. అవతలి ఒడ్డుకు చేరిన పడవలో మనిషి ఉన్నాడు గానీ ప్రాణం లేదు.

అప్పుడు తోట ఆగలేదు. ఒక్క సాలు ఆగలేదు. మర్నాడు పొద్దున్నే, అతను పడ్డ చోటనే, మిగతావాళ్లు వట్టికాళ్లతో నిలబడి ఆకు కోశారు. రక్తపింజర ఎక్కడికి పోయిందో చూడమని ఎవరూ అడగలేదు. దానికి పొగ చూపించాలని ఎవరూ అనలేదు.

నెల మాసికం పూజ అయ్యాక తెరేసమ్మ అయ్యగారిని ఒకే ఒక్క మాట అడిగింది. "మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు తొడుక్కుని దిగుతామండీ." ఆయన చెవులు మూసుకున్నంత పని చేశారు. "ఆకుతోటలో బూట్లా! మా నాన్నగారు కూడా వట్టికాళ్లతోనే దిగారమ్మా." సరే, బయటి మట్టి తోటలోకి రాకూడదనేగా, బూట్లు గేటు దగ్గరే ఉంచుతాం, కాలవలో కడిగి తొడుక్కుంటాం, తోట బయట వాటితో అడుగు వెయ్యం అంది. "చూద్దాంలే," అన్నారు. ఆయన చూడలేదు. తెరేసమ్మ కూతురు దీవెన చల్లపల్లి బట్టల షాపులో చేస్తుంది. తల్లి కోసం ఒక జత నల్ల బూట్లు కొనుక్కొచ్చింది. అవి ఇంట్లో అటక మీద మట్టి తగలకుండా అలాగే ఉన్నాయి. పండక్కి కొన్న బట్టల్లాగా.

ఇదీ సంగతి. ఇప్పుడు చెట్టుపాము దగ్గరికి వద్దాం.

రత్తయ్య ఫోన్ స్పీకర్ పెట్టి అయ్యగారికి చెప్పాడు. ఈసారి ఆయన మొదటి రింగుకే ఎత్తారు.

"శ్రావణమాసం రత్తయ్యా! పెళ్లిళ్లు, నోములు, పేరంటాలు. ఇవాళ ఆకు పడకపోతే నా కొట్టు ముందు కొట్టుకుంటారు. ఏదో ఒకటి కాల్చి పారెయ్యవయ్యా."

"ఆవిడ చీర కావాలండి. చెమట పట్టిన గుడ్డ లేకపోతే పొగ పొగ కాదంటారండి."

"ఆ చీరేదో తీసుకో. కొత్త చీర కొనిద్దాం. తెరేసమ్మా, ఉన్నావా? ఏవనుకోకమ్మా. నాకు ఇవన్నీ నమ్మకాలు లేవు. ఆ పాముకు విషం లేదని నాకూ తెలుసు, చదివాను. కూలోళ్లు భయపడతారని, అంతే."

"మేవా?" అంది కనకలక్ష్మి మెల్లగా. "అయ్యగారు భయపడతారని కదా రత్తయ్య బాబాయ్ మమ్మల్ని ఆపింది."

"నోరుముయ్యవే," అన్నాడు రత్తయ్య, ఫోన్‌కు అరచెయ్యి అడ్డం పెట్టి.

చూశారా? అయ్యగారికి నమ్మకం లేదు, కూలివాళ్ల కోసమట. కూలివాళ్లకు నమ్మకం లేదు, మేస్త్రి కోసమట. మేస్త్రిని అడిగితే ఊరి కోసం అంటాడు. ఎవరూ నమ్మని మాట మీద తోటంతా ఆగిపోయింది. దాన్ని మోయాల్సింది మాత్రం తెరేసమ్మ ఒక్కతే.

"నా చీర నేనివ్వను," అంది తెరేసమ్మ.

"ఇవ్వకపోతే తోటలో అడుగు పెట్టమాక," అన్నాడు రత్తయ్య. "పొగ లేవందే నీకు ఇందులో పని లేదు. నువ్వు తిరుగుతుంటే పాము దిగిద్ది. ఇంకొకళ్ల మీద పడిద్ది. ఆ పాపం నాకొద్దు."

గుల్లలంకలో ఇంకో ఆకుతోట లేదు. అవతలి ఒడ్డున నాట్లు మిషన్లు వేస్తున్నాయి. తెరేసమ్మకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి తెలిసిన పని ఇదొక్కటే. చెయ్యి చూడకుండానే ముదురాకు తుంచి లేతాకు వదిలేస్తుంది. ఆమె ఇనుప గోరు తీసి కొంగున ముడేసుకుని ఇంటికి నడిచింది. వెనకనుంచి ఎవరూ పిలవలేదు. పిలిస్తే శవాన్ని పిలిచినట్టవుతుందని కాబోలు.

మధ్యాహ్నానికి సంగతి తెరేసమ్మవాళ్లుండే పేటలోకి పాకింది. అక్కడ ఇంకో గొడవ లేచింది. తెరేసమ్మవాళ్లు క్రైస్తవులు. చనిపోయినవాళ్లను పూడుస్తారు. కాల్చరు.

ఫాదర్‌గారు చల్లపల్లి వైపు నుంచి ఆదివారాలే వస్తారు. మిగతా రోజుల్లో పేట గుడికి దిక్కు ఉపదేశి యేసుకుమార్. ప్రార్థనలు చదివించేదీ, పిల్లలకు జపాలు నేర్పేదీ ఆయనే. ఆయన గుడి అరుగు మీద కూర్చుని, ఎదురుగా నిలబడ్డ రత్తయ్యతో గట్టిగా వాదించాడు. తెరేసమ్మ ఆ పక్కనే సిమెంటు చెప్టా మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుకుంటోంది. ఇద్దరూ ఆమె వైపు చూడలేదు.

"మా వాళ్లని కాల్చకూడదండీ. మట్టి నుంచి వచ్చాం, మట్టికే పోవాలి."

"నిజంగా కాలుస్తామంటున్నామా? గడ్డేనయ్యా."

"గడ్డయినా ఆమె పేరు మీద గదా? రేపు ఆవిడ నిజంగా ప్రభువులో నిద్రించినప్పుడు? ఒకసారి కాలినావిడని మళ్లీ సమాధుల తోటలో పెట్టొచ్చో లేదో నేనెట్టా చెప్పేది? ఫాదర్‌గారిని అడగాలి."

"అడుగు. ఫోన్ చెయ్యి."

"ఇట్టాంటివి ఫోన్‌లో అడగకూడదు."

"మరి పాముకేం చెప్పమంటావ్? మేం పూడుస్తాం, పొగుండదు, నువ్వు దిగు అని చెప్పమంటావా?"

యేసుకుమార్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సాంబ్రాణి పొగైతే పనికొస్తదేమో," అన్నాడు చివరికి. "మా పూజలోనూ ఉంది."

తెరేసమ్మ చేట కింద పెట్టింది. "ఏవండీ ఉపదేశిగారూ," అంది. "మా ఆయన్ని మట్టిలో పెట్టిన నాడు తమరు ప్రార్థన చదివారు. కాళ్లకు బూట్లుంటే ఈయన బతికేవాడు అని ఒక్క మాట అందులో ఉందా?"

"అది ప్రార్థనలో ఉండదమ్మా."

"రత్తయ్యగారూ, మీ లక్ష్మికి చెప్పు పడదు. మా ఆయన శవం పడితే ఫర్వాలేదా? అప్పుడు లక్ష్మి వెళ్లిపోలేదే?"

రత్తయ్య నేల చూశాడు. అతను చెడ్డవాడేమీ కాదు. సంజీవరావు తల ఒళ్లో పెట్టుకుని ఆ పడవలో కూర్చున్నది అతనే. కానీ చెడ్డవాళ్లు కానివాళ్లు నేల చూసినంత కాలం చెడ్డవాళ్లకు వేరే పనేముంది?

ఆమె లేచింది. "సరే. చీర ఇస్తాను. పాడె కట్టుకోండి. కానీ నా చావు చావులాగే జరగాలి. దింపుడు కళ్లం దగ్గర పాడె దించి, చెవిలో పేరు పెట్టి పిలవాలి. పిలిస్తే నేను 'ఆఁ' అంటాను. అప్పుడేం చేస్తారో చూద్దాం."

యేసుకుమార్‌కు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు.

"ఇంకో మాట. కొరివి ఎవరు పెడతారు? నాకు కొడుకుల్లేరు. పొగ ఎవరికి కావాలో వాళ్లే పెట్టాలి. రేప్పొద్దున అయ్యగారిని రమ్మనండి. చీర ఆయన చేతికే ఇస్తాను."

రామకోటేశ్వరరావుగారు మర్నాడు పొద్దున్నే కారులో దిగారు. ముందురోజు లారీ ఖాళీగా వెళ్లింది. ఇస్త్రీ చొక్కా, మెరిసే నల్ల తోలు బూట్లు. కాలవ గట్టు మీద వెదురు పాడె సిద్ధంగా ఉంది. దాని మీద మనిషంత పొడుగున వరిగడ్డి. కోత ఆడవాళ్లంతా తోట గేటు దగ్గర గుంపుగా నిలబడ్డారు. తాడిచెట్టు మీద పాము నిన్నటి మట్ట మీదే ఉంది. ఎండ అక్కడ బాగా తగులుతుంది. దాని సంగతి అంతే.

తెరేసమ్మ వచ్చింది, చేతిలో మడత పెట్టిన పాత చీర. వెనకాల దీవెన, భుజానికి గోనెసంచి.

"ఏంటి తెరేసమ్మా ఇదంతా," అన్నారు అయ్యగారు. ఆయన గొంతు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. "చిన్న విషయం. పది నిమిషాల్లో అయిపోయేదానికి నన్ను అంత దూరం నుంచి రప్పించావు."

"అవునండి. చిన్న విషయవే. ఇదిగోండి చీర. అగ్గిపెట్టె రత్తయ్యగారి దగ్గరుంది. తమరు ముట్టించండి."

ఆయన చీర అందుకోలేదు. చుట్టూ చూశారు. అగ్గిపుల్ల గీయడం ఎంత పని? కానీ పాడె కట్టి ఉంది. మనిషి ఆకారంలో గడ్డి ఉంది. దానికి నిప్పు పెడితే అది తలకొరివి. తలకొరివి పెట్టినవాడు కొడుకు. పేటలో ఆకు కోసే ఆడమనిషికి రామకోటేశ్వరరావు కొడుకా? గవర్నర్‌పేటలో తెలిస్తే?

"నేనా? బాగుండదమ్మా. రత్తయ్య పెడతాడు."

"అయ్యగారూ, మా అమ్మ బతికుందండి," అన్నాడు రత్తయ్య వెనక్కి అడుగేస్తూ. "తల్లి బతికుండగా ఇంకో తల్లికి కొరివి పెడితే... నా వల్ల కాదండి. పంపు కొట్టుకాడ మోటారు ఆపాలి నేను, వస్తా."

"మోటారు ఆగే ఉంది బాబాయ్," అంది కనకలక్ష్మి.

"మీరెవరన్నా పెట్టండమ్మా." ఆయన ఆడవాళ్ల వైపు తిరిగారు.

"మేం కొరివి పెడితే మైల గదండీ. ఆకు ఎవరు కోస్తారు?"

అయ్యగారి ముఖం ఎర్రబడింది. నమ్మకం లేనివాడికి గడ్డి గడ్డేగా? చదువుకున్నవాడికి పొగ పొగేగా? పెట్టొచ్చుగా? పెట్టలేదు. నమ్మకం ఒకరి ఒంటి మీద వేసేటప్పుడు ఉత్త గుడ్డ ముక్క. తన ఒంటి మీద పడేసరికి ఇనప బరువు.

"నాటకాలా?" మెత్తని గొంతు పోయింది. "కూలికొచ్చేదానివి నువ్వు నాకు షరతులు పెడతావా? నాకు పొగా వద్దు, నువ్వూ వద్దు. ఇవాళ్టి నుంచి నీకు ఈ తోటలో పని లేదు. పో. రత్తయ్యా, మిగతావాళ్లని దింపు."

గేటు దగ్గర ఒక్క కాలు కదల్లేదు.

తెరేసమ్మ చీరను పాడె మీద పెట్టింది. ఇంటికి పోతుందనుకున్నారు అందరూ. ఆమె గట్టు మీద కూర్చుని కూతురి వైపు చెయ్యి చాపింది. దీవెన గోనెసంచి విప్పి నల్ల బూట్లు తీసింది. కాలవ నీళ్లలో ముంచి, అడుగు భాగం అరచేత్తో రుద్ది కడిగి ఇచ్చింది. తెరేసమ్మ వాటిలో కాళ్లు దూర్చింది. కొత్త రబ్బరు కిర్రుమంది. కొంగు ముడి విప్పి ఇనుప గోరు తొడుక్కుంది.

"ఏయ్, ఏం చేస్తన్నావ్?" అన్నాడు రత్తయ్య.

"పనికి పోతన్నా."

"బూట్లతోనా? తోటలోకా?"

"చచ్చినదాని కిందే లెక్కన్నారుగా నిన్న. చెప్పులు బతికున్నోళ్లు వేసుకోగూడదు. చచ్చినోళ్లకు కట్టుబాటేవన్నా ఉందా?"

ఆమె గేటు తోసుకుని లోపలికి నడిచింది. తోట కట్టిన నాటి నుంచి కూలిమనిషి చెప్పు పడని నేల మీద ఆ బూట్లు అచ్చులు వేసుకుంటూ పోయాయి. రెండో సాలు, మూడో సాలు. సంజీవరావు పడ్డ సాలు దగ్గర ఆమె ఆగింది. నిచ్చెన లేకుండా అందినంత మేర తీగ అందుకుని మొదటి ఆకు తుంచింది.

"లాగండి దాన్ని బయటికి!" అయ్యగారి అరుపుకు కాలవలో కొంగ లేచిపోయింది. "చూస్తారేంటి? రత్తయ్యా! లాగు!"

రత్తయ్య నాలుగడుగులు వేసి ఆగాడు.

"శవాన్ని ముట్టుకున్న చెయ్యి ఆకు మీద పడగూడదన్నావుగా బాబాయ్," అంది కనకలక్ష్మి. "నిన్న నా చెయ్యికి కర్ర అడ్డం పెట్టావుగా. ముట్టుకో మరి. ముట్టుకుని నువ్వు కూడా ఇంటికి పో."

రత్తయ్య చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఆ కట్టుకోవడంలో కాస్త సుఖం కూడా కనిపించింది.

రామకోటేశ్వరరావుగారు ఇక ఆగలేకపోయారు. గేటు దబ్బున తన్ని లోపలికి ఉరికారు. తీగలు భుజానికి తగిలి ఆకులు రాలుతున్నా చూడకుండా, సాలు వెంట పరిగెత్తి, తెరేసమ్మ ముందుకొచ్చి చెయ్యెత్తారు. "నా తోటలో... మా నాన్న కట్టిన తోటలో... బూట్లేసుకుని..."

అక్కడ ఆగిపోయారు. ఎందుకంటే తెరేసమ్మ ఆయన ముఖం చూడటం లేదు. కిందికి చూస్తోంది. గేటు దగ్గర ఆడవాళ్లు కూడా కిందికే చూస్తున్నారు. రత్తయ్య కూడా.

ఆయనా చూసుకున్నారు.

మెరిసే నల్ల తోలు బూట్లు. మడమల దాకా తోట మన్ను. కారు దిగినప్పటి నుంచి కాళ్లకే ఉన్నాయి. కడగలేదు కూడా. వెనక సాలు పొడుగునా, తెరేసమ్మ అడుగుల పక్కనే, ఆయన అడుగులు.

"నేను... తొందరలో..." అన్నారాయన.

"ఫర్వాలేదండి," అంది తెరేసమ్మ. ఆమె గొంతులో వెక్కిరింత లేదు. అదే ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది. "విప్పమాకండి. ఇక్కడ రక్తపింజరలుంటాయి. మా ఆయన్ని కరిచింది ఇక్కడే. తమరు నిలబడ్డ చోటే."

ఆయన ఒక కాలు ఎత్తారు, దించారు. విప్పి చేత్తో పట్టుకుని వట్టికాళ్లతో నడిచి వెళ్లాలా, అలాగే వెళ్లాలా? ఒక్క క్షణం ఆలోచించారు. సాలు పక్కన గడ్డి దుబ్బులో ఏదో సరసరలాడింది. కప్పో, ఎలుకో. ఆయన బూట్లు విప్పలేదు. వచ్చిన దారినే, వచ్చిన దానికన్నా వేగంగా, బూట్లతోనే బయటికి నడిచారు. కారు తలుపు తీసి, లోపల కూర్చుని, అద్దం దించి రత్తయ్యను పిలిచారు.

"సాయంత్రం లారీకి ఆకు పడాలి."

"మరి ఆవిడ..."

"ఆకు పడాలన్నాను. ఎవరు కోస్తారో నేను చెప్పాలా?" అద్దం పైకి లేచింది.

క్షమించమని అడగలేదు. బూట్లు కొనిపెడతానని అనలేదు. సంజీవరావు పేరు ఎత్తలేదు. ఈ కథలో అలాంటిదేదో జరుగుతుందని ఎదురుచూస్తున్నవాళ్లు ఏ ఊళ్లో పుట్టారో నాకు తెలియదు.

కారు కనుమరుగయ్యాక కనకలక్ష్మి గేటు దగ్గర్నుంచి గట్టు మీదికొచ్చి, కాసేపు తటపటాయించి, దీవెనను అడిగింది. "ఇట్టాంటియ్యి మీ చల్లపల్లిలో ఇంకా దొరుకుతయ్యా అమ్మాయ్? నా కాలు కొంచెం వెడల్పు."

మర్నాడు ఆడవాళ్లు ఎవరికి దొరికినవి వాళ్లు తొడుక్కొచ్చారు. ఒకామె మొగుడి పాత క్యాన్వాస్ బూట్లు, లోపల గుడ్డలు కుక్కి. ఒకామె కొడుకు స్కూలు బూట్లు, వేళ్ల దగ్గర కోసి. ఒకామె యూరియా సంచి ముక్కలు పిక్కల దాకా చుట్టి పురికొసతో కట్టుకుంది. గేటు దగ్గర రత్తయ్య ఒక బకెట్ నీళ్లూ, పాత చీపురూ పెట్టుకుని కూర్చున్నాడు. "కడుక్కుని దిగండి, కడుక్కుని దిగండి. బయటి మట్టొస్తే వేరుకుళ్లు," అని, అదంతా తన ఆలోచనే అయినట్టు అరుస్తున్నాడు. ఎవరూ కాదనలేదు. ఒక బకెట్ నీళ్లు. ఒక చీపురు. అంతే కావాల్సింది. సంజీవరావు బతికుండగానే పెట్టొచ్చు.

గట్టు మీద పాడె అలాగే ఉంది. గడ్డిని మధ్యాహ్నానికి ఎవరి గేదో తినేసింది. చీర దీవెన తీసుకుపోయి ఉతికి ఆరేసింది. పొగ లేవలేదు.

పాము మాత్రం తాడిచెట్టు మీదే ఉంది, అదే మట్ట, అదే ఎండ. ఆడవాళ్లు సాలు మారినప్పుడల్లా ఒకసారి పైకి చూసి మళ్లీ ఆకులో పడుతున్నారు. తెరేసమ్మ నిచ్చెన అవిసె చెట్టుకు ఆనించి, బూటు కాలు మొదటి మెట్టు మీద పెట్టి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని దాన్ని చూసింది.

"ఎంతసేపు కూకుంటావో కూకో," అంది. "మా పొగ నీకు కనపడదు. మేం పూడుస్తాం."

పైన మట్ట ఊగింది. ఆమె నిచ్చెనెక్కి ముదురాకు తుంచింది.